బైకు ప్రయాణాలకు చిన్న గ్యాస్ స్టవ్వు: ఏది కొనాలి?

మారతహళ్లి బైకర్:
అందరికీ నమస్కారం. నేను, నా భార్య ఒకే బైకు మీద తిరుగుతాం. ఈ నెలాఖరున గండికోట, జూన్‌లో లద్దాఖ్ అనుకుంటున్నాం. పొద్దున టీ, రాత్రికి అన్నం, పప్పు వండుకోగలిగితే చాలు. రెండు రకాల స్టవ్వులు చూశాను. ఒకటి పలకలా ఉంటుంది, పక్క అరలో పొడవాటి గ్యాస్ డబ్బాను పడుకోబెట్టాలి. రెండోది గుప్పిట్లో ఇమిడిపోతుంది, పొట్టి డబ్బా నెత్తిన మరతో బిగించాలి. దుకాణంలో అడిగితే రెండూ బాగుంటాయనే చెప్పారు. వాడినవాళ్ల మాట కావాలి.

పెన్న గట్టు:
గండికోటకైతే పలక స్టవ్వే తీసుకోండి. కిందటి డిసెంబరులో నలుగురం వెళ్లాం. లోయ అంచున టెంటు వేసి అక్కడే అన్నం పెట్టాం. పొద్దు గుంకాక గాలి లేచింది. మంట గిన్నె అడుగును తాకకుండా పక్కకు వాలిపోయింది. ముప్పావు గంటైనా అన్నం పలుకుగానే ఉంది, డబ్బా మాత్రం సగానికి పైగా ఖాళీ. చివరికి స్టవ్వును రెండు బండల సందులోకి మార్చి, గాలి వచ్చే వైపు మూరెడు దూరంలో బైకు సంచులు పేర్చాం. పది నిమిషాల్లో ఉడికింది.

ఈ రకం నేలకు దగ్గరగా ఉంటుంది, గిన్నె ఒరగదు. డబ్బా అంచున చిన్న గాడి ఉంటుంది, అది పైకి వచ్చేలా పెట్టాలి. లోపలి సన్న గొట్టం ఆ గాడి వైపే వంగి ఉంటుంది కాబట్టి పైనున్న ఆవిరిని మాత్రమే తీసుకుంటుంది. గాడి కిందికి ఉంటే ద్రవమే బర్నర్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. గాడి కుదరకపోతే చాలా స్టవ్వుల్లో మీట పడదు. పడలేదని బలవంతం చేయకండి. డబ్బా అర మీదికి వచ్చేంత పెద్ద గిన్నె కూడా వద్దు, ఆ వేడికి డబ్బా కాగుతుంది.

చలికొండ:
గండికోట వరకు ఆ మాట సరే. లద్దాఖ్‌లో మాత్రం ఆ పొడవాటి డబ్బాతో ఇబ్బంది పడతారు. అందులో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. చలి సున్నా డిగ్రీలకు చేరేసరికి అది సరిగా ఆవిరి కాదు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. పైగా గ్యాస్ బయటికి వస్తున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. అక్కడి పాంగాంగ్ సరస్సు దగ్గర ఒక తెల్లవారుజామున మా మంట శనగగింజంత అయిపోయింది, డబ్బా చుట్టూ తెల్లటి మంచు పొర. ఆర్పేసి, డబ్బా ఊడదీసి పావుగంట జాకెట్ లోపల పెట్టుకున్నాక గానీ టీ కాగలేదు. అప్పటినుంచి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన మర డబ్బాలే వాడుతున్నాను.

అక్కడ 4,200 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు మీద ఆశ పెట్టుకోకండి. రెండు లీటర్ల కుక్కరు ఉండాలి. కుక్కరును డబ్బా నెత్తిన పెడితే ఒరుగుతుంది కాబట్టి, బర్నర్ నేల మీద, డబ్బా పక్కన, మధ్యలో గొట్టం ఉండే రకం చూడండి.

బైకును రైల్లో పంపి మీరు విమానంలో వెళ్లేటట్టయితే ఇక్కడ గ్యాస్ కొనకండి. విమానంలో చేతి సంచిలోనూ, లగేజీలోనూ దాన్ని అనుమతించరు. రైల్లోనూ నిషేధమే. 1989 రైల్వే చట్టంలోని 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

బనశంకరి వంటిల్లు:
బాబూ, ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. ఇంటి సిలిండర్ నుంచి ఈ డబ్బాలు నింపుకునే ఇత్తడి మూతి ఒకటి అమ్ముతారు. డబ్బులు మిగులుతాయని మా తమ్ముడు అది కొన్నాడు. నింపిన డబ్బాను బాల్కనీలో పెట్టాడు. మధ్యాహ్నం బట్టలు తీయడానికి వెళ్లి చూస్తే, లోపలికి గుంటగా ఉండాల్సిన అడుగు బయటికి ఉబ్బి, డబ్బా నేల మీద నిలవకుండా ఊగుతోంది. ఆ రోజు నాకు చేతులు వణికాయి. ఆ డబ్బా రేకు బ్యూటేన్‌కు సరిపడా చేసింది. ఇంటి గ్యాస్‌లో ప్రొపేన్ కూడా ఉంటుంది, దాని ఒత్తిడి చాలా ఎక్కువ. ఖాళీ డబ్బా పారేయడానికే. దయచేసి నింపకండి.

కారులో చలో:
కారు ఉన్నవాళ్లు చమురు కంపెనీల 5 కిలోల సిలిండర్ చూడొచ్చు. బైకుకు కుదరదు.

మారతహళ్లి బైకర్:
అమ్మా, ఆ మూతి నా ఆన్‌లైన్ బుట్టలో ఉంది. ఇప్పుడే తీసేశాను. వాన పడితే టెంటు లోపల వండొచ్చా? ఒక రాత్రికి ఎన్ని డబ్బాలు కావాలి?

చలికొండ:
టెంటు లోపల వద్దే వద్దు. గ్యాస్ కారితే వాసన తెలుస్తుంది, ఎందుకంటే ఆ వాసన కావాలని కలుపుతారు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. మత్తుగా ఉందనుకునేలోపే స్పృహ పోతుంది. వాన పడుతుంటే అరటిపండ్లు, బ్రెడ్డు తిని పడుకోండి.

పెన్న గట్టు:
గాలి లేనిచోట లీటరు నీళ్లు మరగడానికి 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. గాలి ఉంటే లెక్క తప్పుతుంది. వెళ్లేముందు డబ్బాను వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి, వచ్చాక మళ్లీ తూచండి. మీ వంటకు ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. ఎండలో బైకు పెట్టెలో డబ్బా వదిలేయకండి, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని దాని మీదే ఉంటుంది. అగ్గిపెట్టె మర్చిపోవద్దు, స్టవ్వు మీద ఉండే నిప్పురవ్వ మీట తేమకు మొరాయిస్తుంది.

మారతహళ్లి బైకర్:
గండికోట వెళ్లొచ్చాం. పలక స్టవ్వే కొన్నాను. టెంటును లోయ అంచు దగ్గరే వేసినా వంట మాత్రం వెనక బండల మాటున పెట్టుకున్నాం. రెండుసార్లు టీ, రాత్రి అన్నం, పెసరపప్పు, పొద్దున ఉప్మా. తూచి చూస్తే 118 గ్రాములు ఖర్చయింది, అంటే 220 గ్రాముల డబ్బాలో ఇంకా సగం దగ్గర ఉంది. నిప్పురవ్వ మీట పొద్దున నిజంగానే పని చేయలేదు, అగ్గిపెట్టె ఆదుకుంది. లద్దాఖ్ కోసం గొట్టం ఉన్న మర స్టవ్వు చూడటానికి శనివారం వెళ్తున్నాం. కుక్కరును కూడా సంచిలో వేసుకుని వెళ్లి, దాని మీద పెట్టి చూశాకే కొంటాను.