ఘర్‌కుల్ మొదటి హప్తా పడిందంటున్నారు, పాస్‌బుక్‌లో లేదు (సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

ప్రశ్న, అంకిస నుంచి

అందరికీ నమస్కారం. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో మాకు ఘర్‌కుల్, అంటే సర్కారు సాయంతో కట్టుకునే ఇల్లు, మంజూరైంది. ఇల్లు నా భార్య పేరు మీద వచ్చింది. ఆమె పుట్టిల్లు గోదావరి అవతల తెలంగాణలో, మహాదేవ్‌పూర్ వైపు. మొదటి హప్తా (వాయిదా డబ్బు) పడి ఇరవై రోజులైందని పంచాయత్ సమితిలో అంటున్నారు, కంప్యూటర్‌లో చూపించారు కూడా. నేను మూడుసార్లు పాస్‌బుక్ ఎంట్రీ వేయించాను, రూపాయి లేదు. పాత ఇల్లు పీకేసి పిల్లలతో రేకుల షెడ్డులో ఉంటున్నాం. వానలు దగ్గరపడ్డాయి. డబ్బు మధ్యలో ఎవరైనా తిన్నారేమోనని ఒకటే టెన్షన్.

జవాబు, ఆసరల్లి నుంచి

తమ్మీ, తొందరపడి ఎవరినీ అనకు. ముందు ఇది చెప్పు: పెళ్లికి ముందు మరదలికి అక్కడ ఏదైనా ఖాతా ఉండేదా? ఉపాధి కూలి కోసమో, గ్యాస్ సబ్సిడీ కోసమో తీసినది?

అంకిస

ఉండేది అన్నా. ఏడెనిమిదేళ్ల నాటిది. పాస్‌బుక్ కూడా పుట్టింట్లోనే ఉంది. అది ఎప్పుడో మూతపడి ఉంటుంది.

ఆసరల్లి

మూతపడలేదు, నిద్రపోతోంది. నీ డబ్బు అందులోనే ఉండి ఉంటుంది. మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నా.

ఆధార్ మీద వేసే డబ్బు మనం ఫారంలో రాసిన ఖాతా నంబరు చూసి పోదు. ఆ ఆధార్ డీబీటీ (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో వేయడం) కోసం చివరిగా ఏ బ్యాంకుకు సీడింగ్ అయిందో, అంటే జోడించారో, అక్కడికి పోతుంది. ఒక ఆధార్‌కు ఒకసారి ఒకే బ్యాంకు. సిరోంచలో ఖాతా తెరిచినప్పుడు ఆధార్ జిరాక్స్ ఇచ్చి ఉంటారు, అది కేవైసీకి, అంటే మనిషి గుర్తింపుకు మాత్రమే. డీబీటీకి సమ్మతి ఫారం వేరే ఉంటుంది. మనం అడగకపోతే చాలాచోట్ల ఇవ్వరు. మాకూ ఇవ్వలేదు, ఆ బ్యాంకు పేరు ఇప్పుడెందుకులే.

మై ఆధార్ వెబ్‌సైట్‌లో మరదలి నంబరు కొట్టి, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడు. ఏ బ్యాంకో అక్కడే కనిపిస్తుంది. ఫోన్ నంబరు పాతదైతే ముందు ఆధార్ కేంద్రంలో దాన్ని మార్పించాలి.

జవాబు, సిరోంచ పట్టణం నుంచి

ఆసరల్లి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతాను ఇనాపరేటివ్ (వాడకంలో లేనిది) చేస్తారు. ప్రభుత్వ డబ్బు అందులో పడుతుంది కానీ బయటికి రాదు, వేలిముద్ర మిషన్‌లోనూ రాదు. చెల్లెమ్మ స్వయంగా ఆధార్, ఫోటో పట్టుకుని ఆ శాఖకు వెళ్లి కేవైసీ ఇస్తే తెరుస్తారు, దానికి రుసుం ఉండదు. వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడినుంచి ఎంత దూరం! ఒక్క పూట పని.

ఇంకొకటి చూసుకోండి. తెలంగాణ ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, అది కూడా తండ్రి ఇంటిపేరు. ఇక్కడ మరాఠీ పద్ధతిలో పేరు, భర్త పేరు, చివర ఆడనావ్, అంటే ఇంటిపేరు. ఘర్‌కుల్ మంజూరు కాగితంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, ఉపాధి జాబ్‌కార్డులో మరోలా ఉంటే కూలి డబ్బు దగ్గర మళ్లీ ఇదే కథ. ఆధార్‌ను మార్చి, మిగతావన్నీ దాని ప్రకారం రాయించడం మేలు. వివాహ ధ్రువపత్రం లేకపోతే ముందు అది తీయించండి.

జవాబు, రాజురా నుంచి

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. అవతలి ఒడ్డున ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు, మీకు ఆవాస్ యోజనలో 1.30 లక్షలు. అలాంటప్పుడు చెల్లెమ్మ పేరు మీద అక్కడే పెట్టుకుంటే సరిపోయేది కదా?

సిరోంచ పట్టణం

ఈ మాట ఇక్కడ రోజూ వినేదే. ఆ 5 లక్షలు తెలంగాణ వాళ్లు వాళ్ల సొంత పథకంగా, అక్కడ ఉంటున్నవాళ్లకు ఇస్తున్నారు. ఆవాస్ యోజనలో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, గడ్చిరోలి లాంటి జిల్లాలకు 1.30. ఇక్కడ మంజూరయ్యాక అక్కడ కూడా పేరు పెడితే ఇబ్బందుల్లో పడతారు. ఆశ చూపించకండి సార్, అసలే వాళ్లు షెడ్డులో ఉన్నారు.

అంకిస, తొమ్మిది రోజుల తర్వాత

దొరికింది! పాత ఖాతాలోనే ఉంది. కేవైసీ ఇచ్చిన మూడో రోజు తెరిచారు. పాత గ్యాస్ సబ్సిడీ కూడా కొంత ఉంది, అది బోనస్. సీడింగ్ సిరోంచ ఖాతాకు మార్పించాం. ఇప్పుడు పునాది మొదలుపెడుతున్నాం. మేస్త్రీ రెండు గదులు, హాలు, ముందు వరండా అని గీత గీశాడు. అప్పు చేసైనా ఒకేసారి పెద్దగా కట్టుకోమంటున్నాడు.

ఆసరల్లి

మేస్త్రీకేం, కూలి ఆయనకు, అప్పు నీకు. పథకం అడిగేది వంటకు చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు. అంతకంటే పెద్దగా కట్టొద్దని ఎవరూ అనరు. కానీ పునాది, గోడలు, స్లాబు, ఒక్కో దశ ఫోటో జియోట్యాగ్ అయితేనే, అంటే చోటు గుర్తుతో ఆన్‌లైన్‌లో ఎక్కితేనే, తర్వాతి హప్తా వస్తుంది. మా వాడలో పెద్ద పునాదులు వేసి లింటెల్ దగ్గర ఆగిన ఇళ్లు నాలుగున్నాయి, పునాదిలో తుమ్మచెట్లు మొలిచాయి. గది ఒకటి, వంటిల్లు, చిన్న వరండా కట్టు. ఇంకో గది కోసం ఒక పక్క గోడలో ఇటుకల పళ్లు బయటికి వదిలించు, కాలం కలిసొచ్చినప్పుడు అతికించుకోవచ్చు.

కూలి సంగతి మరచిపోకు. ఉపాధి హామీ కింద మనలాంటి జిల్లాల్లో ఇంటికి 95 రోజుల కూలి ఉండేది, మాకు వచ్చింది. పని మొదలయ్యే ముందే ఊళ్లో ఉపాధి పనులు చూసే రోజ్‌గార్ సేవక్‌తో మస్టర్ (హాజరు పట్టీ) తీయించాలి. గోడలు లేచాక అడిగితే పోయిన రోజులు రావు. మరుగుదొడ్డికి స్వచ్ఛభారత్ 12,000 వేరే.

అంకిస

ఇసుక అన్నా? ట్రాక్టరు వాడు చెప్పే రేటు వింటే కళ్లు తిరుగుతున్నాయి. ఇంటి వెనకే గోదావరి పెట్టుకుని ఇసుక కొనడమేంటో.

సిరోంచ పట్టణం

ఘర్‌కుల్ వాళ్లకు 5 బ్రాసుల దాకా ఇసుక రాయల్టీ (సర్కారుకు కట్టే రుసుం) లేకుండా ఇస్తారు, అంటే 500 ఘనపుటడుగులు. ట్రాక్టరు కిరాయి మాత్రం మనదే. మంజూరు కాగితం, ఆధార్ జిరాక్సులతో తహసీల్ ఆఫీసులో పాస్ అడుగు. పాస్ లేకుండా రాత్రిపూట తోలించొద్దు, పట్టుబడితే బండి వాడు నీ పేరే చెబుతాడు. వాన పడి నది నిండితే ఇసుక తీసే ఘాట్ మూసేస్తారు కాబట్టి సిమెంటు తర్వాత చూసుకో, సోమవారమే ఇసుక కోసం వెళ్లు.