గొల్లమ్‌ని వదిలెయ్యటం దయా, తెలివితక్కువా? (అశ్వత్థామ సంగతి కూడా తేలాలి)

పటమట పాఠకుడు
మొన్న ఆదివారం బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడు భాగాలూ కలిపిన దిమ్మ ఒకటి దొరికింది, బేరమాడి 350కి తెచ్చుకున్నా, అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. సినిమాలు చూసినోళ్ళకి కథ తెలుసు, తెలీనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. పట్టుకున్నోడినల్లా పాడుచేసే ఉంగరం ఒకటుంది, అది పుట్టిన నిప్పుకొండలోనే దాన్ని పడెయ్యాలి, ఫ్రోడో అనే పొట్టి మనిషి మోసుకెళ్తాడు, తోడు సామ్. వాళ్ళ వెనకాల గొల్లమ్ పడతాడు, వీడు ఆ ఉంగరం కోసం సొంత స్నేహితుణ్ణే పీక పిసికి చంపి వందల ఏళ్ళు దాంతో చీకట్లో కుళ్ళిపోయినోడు. ఇంతకుముందు ఫ్రోడోని పెంచిన బిల్బో వాణ్ణి చంపగలిగీ చంపలా. ఫ్రోడో చంపలా. ఆఖరికి ఆ కొండ మీద, కత్తి చేతిలో ఉండి కూడా సామ్ చంపలా. చివర్లో ఏమైందయ్యా అంటే ఫ్రోడో అంతదూరం మోసుకెళ్ళి తీరా అక్కడికెళ్ళాక పడెయ్యను, ఇది నాది అన్నాడు! గొల్లమ్ వచ్చి వేలు కొరికి ఉంగరం లాక్కుని ఆ సంతోషంలో గంతులేస్తా నిప్పుల్లో పడ్డాడు. లోకం బతికింది.

ఇది చదివిన రాత్రే మా అమ్మ పోతన భాగవతం మొదటి స్కంధం చదువుకుంటంది. అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవుల్ని, అంటే ద్రౌపది అయిదుగురు కొడుకుల్ని, చంపితే అర్జునుడు తాళ్ళతో కట్టి ఈడ్చుకొచ్చాడు, ద్రౌపది వదిలెయ్యమంది, వదిలేశారు. వాడేం చేశాడు? ఉత్తర కడుపులో బిడ్డ మీద బ్రహ్మాస్త్రం వేశాడు.

ఒకచోట వదిలేస్తే లోకం నిలబడింది, ఇంకోచోట వదిలేస్తే వంశానికే ఎసరొచ్చింది. మరి వదిలెయ్యటం ధర్మం అంటామా, లేకపోతే కలిసొస్తే దయ, కలిసిరాకపోతే తెలివితక్కువ అంటామా? నా ఓటు వదిలెయ్యటానికే. ఇక మొదలెట్టండి.

టిక్కీల తమ్ముడు
అన్నా నీది పటమట కాబట్టి ఇట్టాంటి ప్రశ్నలొస్తాయి, మాది గుంటూరు, మిర్చి లెక్కలు చూసుకునే ఇల్లు. మా నాన్న దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తక్కువ రాసి డబ్బులు తినేశాడు, దొరికాడు, అందరూ పోలీసులకిమ్మన్నారు, నాన్న వదిలేశాడు. రెండేళ్ళకి వాడు ఇంకో కొట్లో చేరి అక్కడ ఇంతకి మూడింతలు తినేశాడు. ఆ కొట్టాయన ఇంట్లో పెళ్ళి ఆగిపోయింది. ఇప్పుడు చెప్పు, మా నాన్న దయకి బిల్లు కట్టింది ఎవరు? మా నాన్న కాదుగా. గొల్లమ్ విషయం కూడా అంతే, రచయిత తలుచుకున్నాడు కాబట్టి కాలు జారింది, జారకపోతే అందరూ చచ్చేవాళ్ళు. అది లక్కు.

బ్రాడీపేట మాస్టారు
బాబూ పటమట, ఒక సవరణ. నువ్వు చెప్పింది భాగవతం వరస. భారతం సౌప్తిక పర్వంలో అట్లా ఉండదు. అక్కడ ద్రౌపది క్షమించడం కాదు, వాణ్ణి చంపి వాడి తలలో మణి తెచ్చేదాకా అన్నం ముట్టనని ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. అస్త్రం ముందు పడుతుంది, మణి తర్వాత వస్తుంది, కృష్ణుడు మూడువేల ఏళ్ళు దిక్కులేకుండా తిరగమని శపిస్తాడు. అంటే ఒకే తల్లి, ఒకే కడుపుకోత, ఒక పుస్తకంలో ప్రాణం అడిగింది, ఇంకో పుస్తకంలో ప్రాణం వదిలెయ్యమంది. రెండూ మనవే. ఏది అసలు ద్రౌపది అని అడక్కండి, నలభై ఏళ్ళు పాఠం చెప్పి నేనే తేల్చుకోలేదు.

పోతన దగ్గర ఇంకో చిత్రం ఉంది, చాలామంది దాటేస్తారు. ద్రౌపది వదిలెయ్యమన్నది ఊరికే కాదు, నేను ఏడుస్తున్నట్టు వాడి తల్లి కృపి ఏడవకూడదు అని. సరే, భీముడికి ఒళ్ళు మండి చంపడానికి మీదికెళ్ళాడు, ద్రౌపది అడ్డం పడింది. అప్పుడు కృష్ణుడు నాలుగు చేతులు తెచ్చుకుని రెండు చేతులతో భీముణ్ణి ఆపి, మిగతా రెండు చేతులతో ద్రౌపదిని పక్కకి లాగాడు. గమనించండి, భీముడు తప్పని అనలేదు, ద్రౌపది తప్పని అనలేదు. బ్రాహ్మణుణ్ణి చంపకూడదు, చంపడానికొచ్చినవాణ్ణి వదలకూడదు, రెండూ నేను చెప్పినవే, రెండూ నిలబెట్టు అని అర్జునుడి మీదకి తోసేశాడు. అర్జునుడు జుట్టు కోసి, మణి తీసుకుని, బయటికి గెంటేశాడు. దేవుడికే నాలుగు చేతులు కావాల్సొచ్చిన చోట మనం ఓట్లేసి తేల్చడమేంటయ్యా.

కృష్ణలంక కుర్రోడు
మాస్టారూ నమస్తే, మీ నాలుగు చేతులు సూపర్. కానీ గొల్లమ్ దగ్గర అందరూ ఒక పాయింట్ మర్చిపోతున్నారు. అది లక్కూ కాదు దయా కాదు, శాపం! ఆ కొండ ఎక్కుతుంటే గొల్లమ్ మీద పడ్డప్పుడు ఫ్రోడో స్పష్టంగా అంటాడు, ఇంకోసారి నన్ను ముట్టుకున్నావంటే నువ్వే ఆ నిప్పుల్లో పడతావ్ అని. ముట్టుకున్నాడు, పడ్డాడు. దానికి ముందు వాడు ఆ ఉంగరం మీదే ఒట్టేసి మాట తప్పాడు కూడా. ఒట్టు తప్పినోడికి శాపం తగిలింది, మన పురాణాల్లో అయితే దీనికి పేజీలు పేజీలు రాసేవాళ్ళు, టోల్కీన్ రెండు లైన్లలో తేల్చేశాడు, అందుకే ఎవరికీ గుర్తుండదు.

టిక్కీల తమ్ముడు
అదీ మాట! శాపం అంటే శిక్షేగా, అంటే నా పార్టీయే.

అరండల్‌పేట అక్క
తమ్ముళ్ళూ ఆగండి. మేం చర్చికెళ్ళే ఇంటివాళ్ళం, నాకు ఈ కథ మొదటిసారి చదివినప్పుడే వేరేలా కనిపించింది. మీరంతా గొల్లమ్‌కి ఏం జరగాలి అని కొట్టుకుంటున్నారు, నాకేమో అక్కడ అసలు విషయం ఫ్రోడో ఓడిపోవటం. అంత మంచోడు, అంత కష్టపడ్డాడు, చివరి అడుగులో ఓడిపోయాడు. సొంత బలంతో ఎవడూ ఆ ఉంగరం పడెయ్యలేడు అని రచయిత చెప్తున్నాడు. మరి లోకం ఎట్లా బతికింది, కృప వల్ల. టోల్కీన్ గట్టి క్యాథలిక్, ఉంగరం నాశనమైన రోజు మార్చి 25 అని పెట్టాడు, అది మరియమ్మకి దేవదూత కబురు చెప్పిన పండగ రోజు, ఊరికే పెట్టలేదు. అట్టని ఇది బైబిల్ కథకి ముసుగు కూడా కాదు, అట్టా చదివితే ఆయనకి ఒళ్ళు మండేది.

ఇంకోటి. ఈయన మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర కందకాల్లో ఉన్నాడు, దగ్గరి స్నేహితులు ఆ యుద్ధంలోనే పోయారు. చావు గురించి తేలిగ్గా మాట్లాడే మనిషి కాదు. ఫ్రోడో గెలిచి ఇంటికొచ్చాక కూడా ఆ గాయం మానదు, ఊళ్ళో ఉండలేక సముద్రం దాటి వెళ్ళిపోతాడు. దయ చూపినోడికి బహుమానం ఏమీ రాలేదు, మిర్చి తమ్ముడూ నీ బిల్లు మాట అక్కడ నిజమే, ఆ బిల్లు ఫ్రోడోయే కట్టాడు.

టిక్కీల తమ్ముడు
అక్కా మీరు నా మాట నాకే తిప్పి కొట్టారు 😅 కానీ ఫ్రోడో బిల్లు ఫ్రోడో కట్టాడు, బాగుంది. మా గుమాస్తా బిల్లు వేరేవాళ్ళు కట్టారు. ఆ తేడా ఒప్పుకోండి.

అరండల్‌పేట అక్క
ఒప్పుకుంటా. దానికి నా దగ్గర జవాబు లేదు.

పటమట పాఠకుడు
మాస్టారు చెప్పింది చదివాక అమ్మని మళ్ళీ అడిగా, అమ్మ ఇంకోటి చెప్పింది. అశ్వత్థామ ఆ అస్త్రం వేస్తేనే కదరా, కృష్ణుడు కడుపులోకెళ్ళి అడ్డం నిలబడితేనే కదరా పరీక్షిత్తు పుట్టకముందే ఆయన్ని చూసింది, ఆ పరీక్షిత్తు అడిగితేనే కదరా శుకుడు భాగవతం చెప్పింది, వాణ్ణి ఆ రోజు చంపేసుంటే నేను ఇప్పుడు చదువుకునే పుస్తకం ఎక్కడిది అని. నేను నోరెళ్ళబెట్టా. అంటే రెండు కథల్లోనూ వదిలేసిన చెడ్డోడి చేతి మీదగానే మంచి జరిగింది. కాబట్టి నా ఓటు ఇంకా గట్టిపడింది.

కృష్ణలంక కుర్రోడు
ఆంటీ గారికి దండం, కానీ ఇది డేంజర్ లాజిక్ బ్రో. ఆ లెక్కన ఉపపాండవుల చావు కూడా మంచికే అనాల్సొస్తది. ఆ అయిదుగురి పేర్లు ఇక్కడ ఎంతమందికి తెలుసు? చచ్చినోళ్ళు కథకి మెట్లు అయిపోతారు, మనం మెట్లెక్కి దండం పెట్టుకుంటాం.

నన్నడిగితే రెండు కథలకీ అసలు తేడా వేరేచోట ఉంది. ఉంగరాన్ని మంచికి కూడా వాడకూడదు, ఫ్రోడో ఇస్తానంటే గాండాల్ఫ్ అంత పెద్ద మాంత్రికుడే వద్దని దూరం జరిగాడు. మన దగ్గర శక్తి చెడ్డది కాదు, వాడే చెయ్యి బట్టి ఉంటది. మా ఇంటి మేడ మీంచి ఇంద్రకీలాద్రి కనిపిస్తది, అర్జునుడు శివుడితో కొట్లాడి పాశుపతం తెచ్చుకుంది అక్కడే అని చిన్నప్పట్నించీ వింటన్నాం. శివుడు దాన్ని ఇచ్చాడు, కానీ తొందరపడి చిన్నా చితకా వాళ్ళ మీద వేస్తే జగత్తే కాలిపోద్దని చెప్పి మరీ ఇచ్చాడు. అంటే మనోళ్ళ పరీక్ష చేతిలో ఉంచుకుని ఆగటం, వాళ్ళ పరీక్ష చేతిలోంచి వదిలెయ్యటం. చెడ్డోణ్ణి వదలటం కూడా ఆ ఆగటంలో భాగమే అనుకుంటే ద్రౌపది నాకు కొంచెం అర్థమవుద్ది.

బ్రాడీపేట మాస్టారు
ప్రతివింధ్యుడు, శ్రుతసోముడు, శ్రుతకీర్తి, శతానీకుడు, శ్రుతసేనుడు. ఒకరి పేరు కొన్ని చోట్ల శ్రుతకర్మ అని ఉంటుంది. అడిగావు కాబట్టి.

దేవుడూ కృపా అంటున్నారు కాబట్టి ఇంకో మాట. మన తెనాలి మనిషి కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో ఉన్నాడు, పేరు కూడా వేసుకోలేదు. దేవుణ్ణి నమ్మినవాడు కాదు. మాంత్రికులూ రాక్షసులూ బేతాళుడూ ఆయన చేతి మీదగానే మా ఇళ్ళకొచ్చారు, వాటిల్లో న్యాయం ఎక్కడా తగ్గలేదు. అది కూడా లెక్కలో పెట్టుకోండి అమ్మా.

అరండల్‌పేట అక్క
పెట్టుకున్నా మాస్టారూ. మా నాన్న బీరువాలో బైండు చేసిన చందమామలు బైబిల్ పక్కనే ఉండేవి.

టిక్కీల తమ్ముడు
రాత్రి అన్నం తింటా నాన్నని అడిగేశా, ఆ గుమాస్తాని ఎందుకు వదిలేశావ్, ఇప్పుడు బాధ లేదా అని. చాలాసేపు మాట్లాడలా. పెరుగు కలుపుకుంటా, ఆళ్ళమ్మ వచ్చి మన గడప దగ్గర కూర్చుందిరా, లోపలికి రమ్మంటే రాలా, మంచినీళ్ళిస్తే తాగలా, ఏం చెయ్యమంటావ్ అన్నాడు. ఆ రెండో కొట్టాయనకి తర్వాత తన చేతి నుంచి ఎంతో కొంత ఇచ్చాడంట, ఈ సంగతి మా అమ్మకి కూడా తెలీదు, నేను ఇక్కడ రాశానని ఎవరూ చెప్పకండి. నేను మీ ఫ్రోడో కథంతా చెప్పా. మొత్తం విని, ఇంతకీ ఆ వేలు పోయిన పిల్లోడు మళ్ళీ పొలం పని చేసుకోగలిగాడా అని అడిగాడు.