వలస వచ్చినవాళ్లు ఆస్పత్రికి ఎందుకు రారు? మీ అనుభవాలు చెప్పండి

బాటసారి:
అందరికీ నమస్తే. పని కోసం వేరే చోటి నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట మేం కొందరం కలిసి హెల్త్ క్యాంపులు పెడుతుంటాం. వాళ్ల భాషలోనే కరపత్రాలు వేయించాం, బొమ్మలూ పెట్టించాం. అయినా జ్వరం ముదిరితే తప్ప, నొప్పులు మొదలైతే తప్ప ఆస్పత్రి మెట్లెక్కరు. మా టీమ్‌లో సగం మంది "వాళ్లకు అవగాహన లేదండీ" అని తేల్చేస్తున్నారు. నాకు ఆ మాట మింగుడు పడట్లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు, స్వయంగా వలస వెళ్లినవాళ్లు ఏం చూశారో రాయండి. సలహాల కంటే అనుభవాలు కావాలి.

క్రేన్ ఆపరేటర్:
ఆ "అవగాహన లేని" వాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి ముందు నేనే చెప్తా. అన్నా, మాకు లేనిది సెలవు. ఓపీ పొద్దున తెరిచి మధ్యాహ్నానికి మూసేస్తారు, మేం డ్యూటీ ఎక్కేది అంతకంటే ముందే, ఒక పూట పోతే ఆ రోజు కూలి మొత్తం పోతుంది, పైగా మేస్త్రీ "రేపట్నుంచి రానక్కర్లేదు" అంటాడేమోనని టెన్షన్. ఆ పైన కాగితాల భయం. కౌంటర్‌లో మొదటి ప్రశ్నే "అడ్రస్ ప్రూఫ్ ఏదీ?" ఒక గదిలో పదిమంది సర్దుకునేవాడికి అడ్రస్ ప్రూఫ్ ఎక్కడిది? వీసా గడువు దాటినవాళ్లయితే పేరు రాయిస్తే అది ఎటు తిరిగి ఎవరి చేతిలో పడుతుందోనని, చెయ్యి విరిగినా గదిలోనే కట్టు కట్టించుకుంటారు. మీ కరపత్రంలో "వెంటనే వైద్యుణ్ని సంప్రదించండి" అని ఉంటుంది. ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, ఏ కాగితం అడుగుతారు, డబ్బు కట్టాలా, మా పేరు ఎవరికైనా చెప్తారా, ఇవి మాత్రం ఎక్కడా ఉండవు. మాకు కావల్సింది అవే.

లా స్టూడెంట్:
కాగితాల భయం గురించి ఒక మాట. వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన ఒప్పందం 28వ అధికరణం ప్రకారం, ప్రాణం కాపాడటానికో, తర్వాత సరిచేయలేని నష్టం తప్పించడానికో తక్షణం అవసరమైన వైద్యాన్ని పత్రాలు సరిగ్గా లేవన్న కారణంతో నిరాకరించకూడదు. 2003 నుంచి అమల్లో ఉంది. కానీ వలసదారులు ఎక్కువగా వెళ్లే సంపన్న దేశాలు చాలావరకు దాన్ని ఆమోదించలేదు, కాబట్టి మీరున్న చోటి చట్టం ఏమంటుందో కనుక్కుని, అది కరపత్రంలో మొదటి లైన్‌గా వేయండి.

నైట్ డ్యూటీ సిస్టర్:
నేను పిల్లల వార్డులో నర్సుని. "అర్థమైందా?" అని అడగడం మానేయండి, దానికి ఎవరైనా తల ఊపుతారు. ఒకావిడకు బిడ్డ కోసం యాంటీబయాటిక్ పొడి సీసా ఇచ్చారు, గీత దాకా నీళ్లు కలిపి పూటకు 5 ఎం.ఎల్. వేయమని డాక్టర్ గారు చెప్పారు. ఆవిడ తల ఊపింది. నేను సీసా ఆమె చేతికే ఇచ్చి, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి తల్లీ, ఇంటికెళ్లాక ఎలా వేస్తావో ఒకసారి చూపించు" అన్నా. మూత తీసి, అందులోకే పొడి వంపబోయింది. నీళ్ల సంగతే ఆమె చెవిన పడలేదు! ఇంకో సిస్టర్‌ని పిలిచి ఇద్దరం కలిసి నీళ్లు కలిపించాం, గీతలున్న సిరంజిలో 5 దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి ఇచ్చాం, ఎందుకంటే ఇంట్లో ఉండే చెంచాలు ఏ రెండూ ఒక కొలత ఉండవు. దీన్ని టీచ్-బ్యాక్ అంటారు. పరీక్ష పెట్టినట్టు అడిగితే మాత్రం మనిషి ముడుచుకుపోతుంది, తప్పు మన చెప్పడంలో ఉందేమో అన్నట్టే అడగాలి.

దుబాసీ:
నాది ఆస్పత్రుల్లో మాట మార్చి చెప్పే ఉద్యోగం. నాకు ఒళ్లు మండే విషయం ఒక్కటే, పిల్లల్ని అడ్డం పెట్టుకుని తల్లిదండ్రులతో మాట్లాడటం. ఒక తల్లికి రక్తస్రావం ఆగట్లేదు, పక్కన బడి యూనిఫాంలో కొడుకు. డాక్టర్ అడిగింది వాడు ఆమెను అడగలేడు, ఆమె వాడికి చెప్పలేదు. చివరికి వాడు "కడుపు నొప్పి అంటోంది" అన్నాడు, ఆమె కడుపునొప్పి మాత్రతో తిరిగొచ్చింది. మొగుణ్ని పెట్టినా ఇంతే, దెబ్బలు తగిలిన ఆడమనిషి కొట్టినవాడి నోటితోనే సంగతి చెప్పుకోవాలా? మనిషి దొరక్కపోతే ఫోన్‌లోనైనా శిక్షణ ఉన్నవాళ్లను పెట్టాలి. ఇంకోటి, డాక్టర్లు నా మొహం చూసి మాట్లాడతారు. పేషెంట్ వైపు చూడండి సార్, జబ్బు నాకు కాదు.

కొత్తగా చేరా:
@దుబాసీ గారూ, ఎవరూ లేనప్పుడు ఫోన్‌లో యాప్ వాడితే తప్పా?

దుబాసీ:
"ఎక్కడ నొప్పి", "మళ్లీ ఎప్పుడు రావాలి" లాంటి వాటికి వాడుకోండి. మందు మోతాదుకీ, ఆపరేషన్ సంతకానికీ వద్దు.

షుగర్ వాళ్ల అబ్బాయి:
ఇది ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా. నాన్నను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఊళ్లో షుగర్ 180, 200 అని చూసి అలవాటైన మనిషి, ఇక్కడి రిపోర్టులో 11.1 చూసి "ఎన్నాళ్లకు కంట్రోల్ అయింది రా" అని మాత్ర సగం చేసేసుకున్నారు. చదువుకున్న మనిషే. కొన్ని దేశాల్లో షుగర్‌ని మిల్లీగ్రాముల్లో, కొన్ని చోట్ల మిల్లీమోల్స్‌లో రాస్తారు, రెండో దాన్ని 18తో గుణిస్తే మొదటిది వస్తుంది, అంటే ఆ 11.1 అక్షరాలా 200! పరగడుపున 126 అన్నా 7 అన్నా ఒకటే. మూడు నెలల షుగర్ టెస్టు కూడా ఒకచోట 6.5 శాతం అని, ఇంకోచోట 48 అని వస్తుంది. కొత్త పేషెంట్ కాగితం మీద పాత లెక్కలో ఎంతో పక్కన రాసిస్తే ల్యాబ్ వాళ్ల సొమ్మేం పోతుంది?

మందుల షాపు:
పాత స్ట్రిప్పులు పారేయకండి, కనీసం ఫోటో తీసుకోండి. బ్రాండ్ పేరు దేశం మారితే మారిపోతుంది, లోపలి మందు పేరు దాదాపు అంతటా ఒకటే. అన్నిసార్లూ కాదు, పారాసిటమాల్‌నే కొన్ని చోట్ల ఎసిటమినోఫెన్ అంటారు. తెలియక జ్వరానికి ఒకటి, జలుబు మాత్రలో ఇంకోటి వేసుకుంటే డోసు డబుల్. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఒకటి మర్చిపోయా, టీబీ. మామూలు టీబీకి సాధారణంగా 6 నెలల కోర్సు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఈలోగా పని అయిపోయి కుటుంబం ఇంకో చోటికి కదులుతుంది, మందులు అక్కడితో ఆగిపోతాయి, తర్వాత ఆ మందులకు లొంగని టీబీ రావచ్చు. అందుకే మందు మొదలుపెట్టిన రోజే "ఇక్కడ ఎన్నాళ్లుంటారు, తర్వాత ఎక్కడికి" అని అడగాలి. కదిలేముందు ఏ మందు, ఎప్పుడు మొదలైంది, ఎన్ని డోసులు అయ్యాయో రాసిన కాగితం చేతికిచ్చి, వెళ్లేచోట సెంటర్‌కి మనమే ఫోన్ చేయాలి. పేషెంటే వెతుక్కుంటాడులే అనుకుంటే వెతుక్కోడు.

బాటసారి:
చాలా థ్యాంక్స్ అండీ. సాయంత్రం క్యాంపు పెడదామనుకుంటున్నాం, కరపత్రం కూడా మార్చేస్తాం. @క్రేన్ ఆపరేటర్ అన్నా, సైట్ గేటు దగ్గర ఆదివారం సాయంత్రం పెడితే వస్తారా?

క్రేన్ ఆపరేటర్:
గేటు దగ్గర వద్దన్నా, సూపర్‌వైజర్ చూస్తాడు, ఎవడికి ఏ రోగమో వాడికి తెలిస్తే పని పోతుంది. మా గదుల వైపు పెట్టండి. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు, ఎవరూ కదలరు. మామూలు రోజే, 7 దాటాక రండి. ఆడవాళ్లకు వేరే గది చూడండి, అక్కడ ఒక లేడీ డాక్టర్ ఉంటుందని ముందే చెప్పి పెడితే మా వదినవాళ్లను నేనే తీసుకొస్తా.