2 సెంటీమీటర్ల ఊపిరితిత్తి గడ్డ: సూదితో కాల్చాలా, రేడియేషన్ ఇవ్వాలా?

పల్మో_పీజీ: రోగి ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదగలిగే గాలి) ఉండాల్సినదాంట్లో 35 శాతమే. కుడి కింది లోబ్‌లో, ప్లూరాకు (ఊపిరితిత్తి పైపొరకు) దగ్గరగా 1.8 సెం.మీ. అడినోకార్సినోమా (ఒక రకం క్యాన్సర్). పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా ఏమీ లేదు. ఆపరేషన్‌కు సర్జన్ ఒప్పుకోలేదు. మైక్రోవేవ్ సూదితో కాల్చడం మేలా, ఎస్‌బీఆర్‌టీనా (గడ్డకే గురిపెట్టి కొద్ది విడతల్లో ఇచ్చే పెద్ద మోతాదు రేడియేషన్)?

కిరణం: ఎస్‌బీఆర్‌టీ. ఆర్‌టీఓజీ 0236 ట్రయల్‌లో 18 గ్రేల (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 3 విడతలు ఇస్తే మూడేళ్లకు అసలు గడ్డ అదుపు 97.6 శాతం. రేడియో ఫ్రీక్వెన్సీ సూదితో (కరెంటుతో వేడి పుట్టించేది) కాల్చిన అకోసాగ్ జెడ్4033 ట్రయల్‌లో రెండేళ్లకే, ఆ చోట తిరగబెట్టనివాళ్లు 59.8 శాతం. ఇంత తేడా ఉండగా సూది ఎందుకు?

సూదిమొన: ఆ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టకండి సార్. 97.6 అసలు గడ్డ ఒక్కదాని లెక్క. అదే లోబ్‌లో వచ్చినవీ కలిపితే 90.6. పైగా గాలి నిండిన ఊపిరితిత్తిలో రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు సరిగా పారదు. సూది చుట్టూ మాడితే ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) పెరిగి జనరేటర్ చేతులెత్తేస్తుంది. మైక్రోవేవ్‌కు ఆ బాధ తక్కువ, గ్రౌండింగ్ ప్యాడ్లూ అక్కర్లేదు.

దెబ్బతినేది మార్జిన్ (గడ్డ చుట్టూ అదనంగా కాల్చాల్సిన అంచు) దగ్గర. కంపెనీ ఇచ్చే వాట్లు–నిమిషాల పట్టిక చాలావరకు కోసి తీసిన జంతు కాలేయం మీద వేసిందే. దాన్నే నమ్ముకుంటే గడ్డ అంచు మిగిలిపోతుంది. గడ్డ చుట్టూ గ్రౌండ్ గ్లాస్ వలయం (సీటీలో మసకగా కనిపించేది) కనీసం 5 మి.మీ., వీలైతే 10 మి.మీ. వచ్చేదాకా ఆపకూడదు. ఎందుకంటే ఆ వలయం బయటి అంచులో కణాలన్నీ చచ్చి ఉండవు. సీటీలో యాక్సియల్ (అడ్డ కోత) ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, కరోనల్, శాజిటల్ (నిలువు కోతలు) కూడా చూడాలి. ఇంకొకటి: వేడికి గడ్డ ముడుచుకుపోతుంది. కాల్చాక కొలిస్తే మార్జిన్ ఉన్నదానికన్నా ఎక్కువనిపిస్తుంది, ముందు తీసిన సీటీతోనే పోల్చాలి. 3 మి.మీ. దాటిన రక్తనాళం ఆనుకుని ఉంటే ఆ వైపు వేడిని రక్తం ఎత్తుకుపోతుంది. తిరగబెడితే ముందు అనుమానించాల్సింది అక్కడే.

కిరణం: సరే, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) సంగతి? అసలే ఎఫ్‌ఈవీ1 35.

సూదిమొన: వస్తుంది. చాలా సిరీస్‌లలో ముగ్గురిలో ఒకరికి, కొన్నిట్లో సగం మందికి. అందరికీ గాలి తీసే ట్యూబ్ పడదు కానీ ఎంఫిసీమా (గాలి గదులు పాడైన జబ్బు) ఉంటే ముప్పు ఎక్కువ. 8 ఫ్రెంచ్ పిగ్‌టెయిల్ (సన్నటి ట్యూబ్) ట్రేలో సిద్ధంగా ఉండాలి. బుల్లా (గాలి బుడగ), ఫిషర్ (లోబ్‌ల మధ్య చీలిక) దాటే దారి వద్దు. సూది దిగాక గాలి చేరితే గడ్డ జరుగుతుంది. గాలి లాగి, మళ్లీ సీటీ తీసి, మొన ఎక్కడుందో చూశాకే పవర్ ఇవ్వాలి. బయాప్సీ ముందే తీస్తే రక్తం చిమ్మి గడ్డ అంచు కనబడదు, యాంటెన్నా (మైక్రోవేవ్ సూది) నిలిపాకే తీయండి. మర్నాటి ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు, కొందరికి రోజులు గడిచాక గాలి చేరుతుంది.

శ్వాసనాళం: ఇద్దరూ ఐఎల్‌డీని (ఊపిరితిత్తి కణజాలం వాచి మచ్చపడే జబ్బులు) వదిలేశారు. ఫైబ్రోసిస్ (ఆ మచ్చ) ఉంటే ఎస్‌బీఆర్‌టీ తర్వాతి న్యుమోనైటిస్ (ఊపిరితిత్తి వాపు) ప్రాణం మీదకు తేవచ్చు. కాల్చినా అక్యూట్ ఎక్సాసర్బేషన్ (ఆ జబ్బు ఒక్కసారిగా ముదరడం) భయం ఉంది. ముందు హెచ్‌ఆర్‌సీటీ (మరింత స్పష్టమైన సీటీ) చూడండి. ఐఎల్‌డీ లేకపోతే ఈ కేసులో నా ఓటు రేడియేషన్‌కే. అదే పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన మెటాస్టాసిస్ అయినా, ఇప్పటికే రేడియేషన్ పడ్డ చోటైనా సూదికే.

పల్మో_పీజీ: హెచ్‌ఆర్‌సీటీ రాయించాను. కాల్చాల్సి వస్తే ఫాలోఅప్?

సూదిమొన: కాల్చిన నెల తర్వాత ఒక సీటీ, అదే బేస్‌లైన్. అప్పటికి మచ్చ అసలు గడ్డకన్నా పెద్దగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. 3 నెలలలోపు పెట్ తీస్తే వాపుకే వెలిగి తికమక పెడుతుంది. 6 నెలలు దాటాక అంచున కొత్తగా ముడి లేస్తే మాత్రం బయాప్సీకి ఆలస్యం చేయకండి.