"ఉన్నోళ్ళు" పక్కన "కి" ఉందా, లేదా?

పెరటిజామ:

మా పెద్దమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకం కార్డు మీద "పాడుతా తీయగా" పాటలోంచి రెండు లైన్లు వేయిద్దామని అన్నయ్య అన్నాడు. ఆ పాట వస్తే పెద్దమ్మ చేతిలో పని ఆపేసి మరీ రేడియో సౌండు పెంచేది. అన్నయ్య ఇంటి గ్రూపులో టైపు చేసి పంపింది ఇది:

పోయినోళ్ళు అందరూ మంచోళ్ళు
ఉన్నోళ్ళకి పోయినోళ్ళ తీపి గురుతులు

నాకు చిన్నప్పటి నుంచీ "ఉన్నోళ్ళు" అనే వినబడింది. "కి" ఎక్కడిదని అడిగితే, "కి లేకపోతే అర్థం ఎలా వస్తుందే? పోయినవాళ్ళ జ్ఞాపకాలు ఉన్నవాళ్ళకి మిగులుతాయని కదా భావం" అన్నాడు. వదిన అన్నయ్య పక్షం, మేనమామ నా పక్షం. కార్డు ప్రింటుకి వెళ్ళాలి, నాకేమో టెన్షన్. "కి" ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. లేకపోతే ఆ లైను అర్థం ఏమిటన్నది రెండోది. తెలిసినవాళ్ళు చెప్పండి.

లంకపొగాకు:

లేదండీ. ఘంటసాల గొంతులో మళ్ళీ విని చూడండి, "ఉన్నోళ్ళు" దగ్గరే ఆగుతుంది. 1964లో వచ్చిన మూగమనసులు, ఆత్రేయ మాట, మహదేవన్ బాణీ. మా గోదారి పడవవాడి నోట పెట్టిన పాట కాబట్టి మాకు కాస్త అతిశయం ఎక్కువే. కాకపోతే రాసినాయన అప్పటి నెల్లూరు జిల్లావాడు. "చన్నీళ్ళు"ని "సన్నీళ్ళు" అని, "చాన్నాళ్ళు"ని "సాన్నాళ్ళు" అని మా గట్టు మీద వినబడినట్టే పట్టుకున్నాడు.

సందర్భం గుర్తుంచుకోవాలి. మొగుడు పోయి తిరిగొచ్చిన అమ్మాయిగారికి పడవ నడిపే గోపి పాడే పాట ఇది. జోలపాట! పెద్దమనిషికి, అదీ భర్త పోయిన మనిషికి, పసిపాపకి పాడినట్టు పాడుతున్నాడు. ఓదార్చడానికి అతనికున్న చనువు అంతే, పాటవరకే. అదే కథ హిందీలోకి వెళ్ళినప్పుడు (మిలన్, 1967) అక్కడి జోలపాటలో అతను నా నిద్ర నీకు రావాలని దేవుణ్ణి వేడుకుంటాడు. అదీ బాగుంటుంది. కానీ పోయినోళ్ళు, ఉన్నోళ్ళు అన్న ఈ లెక్క తెలుగులోనే ఉంది.

చిల్లరకొట్టు:

నాదొక అపశకునపు మాట. "పోయినోళ్ళు అందరూ మంచోళ్ళు" అంటే మా ఊళ్ళో ఓదార్పు కాదు, ఎత్తిపొడుపు. బతికినన్నాళ్ళూ మంచినీళ్ళు ఇవ్వనివాళ్ళు శవం దగ్గర "ఎంత మంచి మనిషి" అంటే, వెనకనుంచి ఎవరో ఒకరు "అవున్లే, పోయినోళ్ళంతా మంచోళ్ళే" అంటారు. "చచ్చినవాడి కళ్ళు చారెడు" అన్న సామెత కూడా అందుకే పుట్టింది. ఆత్రేయ ఆ ఎత్తిపొడుపునే తెచ్చి పాటలో పెట్టాడేమో. ఫ్లెక్సీల మీద ఈ లైను చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఏమనుకోకండి.

ఇంకోటి. "ఉన్నోళ్ళు" అంటే డబ్బున్నోళ్ళు కూడా కదా. ముందు చరణంలో కలిమిని దోచుకునే దొరల మాట వచ్చింది. పాడేవాడు పడవవాడు, వినేది జమీందారు గారమ్మాయి. ఏం, అలా ఎందుకు చదవకూడదు?

పలకాబలపం:

తరగతి వదిలి పదకొండేళ్ళయినా చాక్‌పీసు చెయ్యి ఊరుకోదు. కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట చిల్లరకొట్టు బాబుకి. "ఉన్న" అనే మాట అర్థం దాని పక్కన నిలబడ్డ మాటని బట్టి తేలుతుంది. "ఉన్నోళ్ళు, లేనోళ్ళు" అంటే డబ్బు. "ఉన్నోళ్ళు, పోయినోళ్ళు" అంటే ప్రాణం. ఇక్కడ రెండోదే ఉంది కాబట్టి దొరల్ని వదిలేయ్ నాయనా. అయినా నీ ప్రశ్న మంచిదే. ఈ మాట తెలుగులో చాలా బరువులు మోస్తుంది. మా నాన్నగారు పోయిన కొత్తలో ఎవరో ఫోన్ చేసి "నాన్నగారున్నారా" అంటే, మా తమ్ముడు "లేరండీ" అన్నాడు. "ఎప్పుడొస్తారు" అని అడిగాడాయన. తప్పు ఆయనది కాదు, మన క్రియది.

ఇప్పుడు "కి" సంగతి. ఆ నాలుగు లైన్ల చరణంలో క్రియలు లెక్కపెట్టండి.

"గుండె మంటలారిపే సన్నీళ్ళు కన్నీళ్ళు" క్రియ లేదు. ఆరిపే అన్నది విశేషణం. కన్నీళ్ళే చన్నీళ్ళు అని చెప్పి ఊరుకున్నాడు.

"ఉండమన్న ఉండవమ్మ సాన్నాళ్ళు" ఇదొక్కటే క్రియ, ఉండవు.

"పోయినోళ్ళు అందరూ మంచోళ్ళు" క్రియ లేదు.

నాలుగోది మన తగువు. "ఉన్నోళ్ళు పోయినోళ్ళ తీపి గురుతులు". ఇక్కడా లేదు.

దీన్ని క్రియారహిత వాక్యం అని ఏడో తరగతిలోనే చెప్పుకుంటాం. రాముడు రాజు, సీత రాణి. ఎడమవైపున్నదే కుడివైపున్నది. మూడో లైనులో పోయినోళ్ళు ఎవరు? మంచోళ్ళు. అదే అచ్చులో నాలుగోది పోశాడు. ఉన్నోళ్ళు ఎవరు? పోయినోళ్ళ గురుతులు. మీ అన్నయ్యగారు పెట్టిన "కి"తో ఆ అచ్చు విరిగిపోతుంది. అప్పుడు ఉన్నోళ్ళు ఒకచోట, గురుతులు ఇంకోచోట. పెట్టెలో దాచుకున్న ఫొటోల్లాగా. "కి" తీసేస్తే ఆ మనుషులే గురుతులు.

"ఉండవు" గురించి ఒక ముచ్చట. నా శిష్యుడొకడు చిన్నప్పుడు ఆ లైను విని, "నువ్వు ఎక్కువ రోజులుండవమ్మా" అని శపిస్తున్నాడనుకుని భయపడ్డాట్ట. వాడి వ్యాకరణంలో తప్పులేదు. నువ్వు ఉండవు, అవి ఉండవు, రెండూ ఒకటే రూపం. కాని ఉండమన్నా ఉండనివి ఇక్కడ కన్నీళ్ళు. పోయినవాళ్ళ గురించైతే "ఉండరు" అనేవాడు.

మానేరు:

మాస్టారూ, దండం. నాకు మాత్రం "గురుతు" దగ్గర ఆగాలనిపిస్తున్నది. ఆత్రేయ "జ్ఞాపకం" అనలేదు. జ్ఞాపకం తలలో ఉంటది, బయటివాళ్ళకు కనబడదు. గుర్తు బయట ఉంటది. పొలం గట్టు మీద పాతిన రాయి గుర్తు, చేతి మీద పచ్చబొట్టు గుర్తు, ఎలక్షన్ల కూడా గుర్తే. పదిమందికి కనబడాలె. మనుషులే గుర్తులన్న మాస్టారి అర్థానికి ఇది సరిగ్గా అతుకుతది. "గుర్తుకొచ్చింది" అన్నప్పుడు అది జ్ఞాపకమే కదా అంటరేమో. నిజమే. కానీ ఇక్కడ ముందు "ఉన్నోళ్ళు" ఉన్నది కనుక నాకు రాయి గుర్తే కండ్ల ముందుకొస్తున్నది.

ఇంకొక్క మాట. మా కరీంనగర్ దిక్కు ముసలోళ్ళు శోకం పెట్టి ఏడిస్తే దానికి ఒక రాగం, ఒక వరుస ఉంటది. మా అమ్మమ్మ ఏడిస్తే ఊరు ఊరంతా ఏడ్చేది. ఆ శోకంల మాటలన్నీ పోయినాయనతోనే. "నన్నిడిసి ఎట్ల పోతివయ్యా", "నీ పిల్లలు ఎవల మొఖం చూడాలె", "ఏ దారి పడితివి". ఉన్నోళ్ళతో ఒక్క మాట ఉండదు. పాట అంతా నిలదీసుడే. గోపి పాటల పోయినాయన్ని ఒక్క మాట అడగడు. పేరు సుత తియ్యడు. మాటలన్నీ ఎదురుగ కూసున్న ఆమెతోనే. నువ్వు నిద్రపో అంటడు.

అందుకనే నాకు శోకం ఎక్కువ నిజమనిపిస్తది. మొదటి రోజు ఎవలన్నా వచ్చి "పోయినోళ్ళంతా మంచోళ్ళు" అంటే నాకు కోపమే వస్తది. ఏడాది అయినంక అంటే వింట.

చిల్లరకొట్టు:

మానేరు అన్నా, చివరి మాటకి నా ఓటు. ఎత్తిపొడుపు సంగతి వెనక్కి తీసుకోను గానీ, కొంచెం సవరించుకుంటాను. సామెత శవం దగ్గర పుట్టింది, పాటేమో ఆ తర్వాత చాలా రోజులకి పాడినది.

పలకాబలపం:

బాగా చెప్పావు మానేరు. పోవడం గురించి నేనూ ఒకటి చెబుతాను. "చనిపోవు" అంటాం కదా, అందులో "చను" అంటే ఏమిటి? పాత తెలుగులో వెళ్ళడమే. భారతంలో ఎవరైనా అడవికి "చనియె" అంటే బయల్దేరాడని. చను అన్నా పోవడమే, పోవు అన్నా పోవడమే. రెండుసార్లు పోయినా అసలు మాట మాత్రం నోటికి రానివ్వలేదు మన పూర్వులు. "గతించారు" అన్నా అంతే, సంస్కృతంలో వెళ్ళారు. "కాలం చేశారు", "కన్నుమూశారు", ఎన్ని చాటులో చూడండి.

గోపి కూడా మనుషుల దగ్గర "పోయినోళ్ళు" అనే అంటాడు. "సావు" అన్న మాట చివరి చరణంలో ఒక్కసారే వస్తుంది, అదీ స్నేహానికి అది లేదని చెప్పడానికి. ఆ చరణంలో జన్మజన్మకీ ఆ బంధం గట్టిపడుతుందన్న ధీమా ఉంది. అదే ఆత్రేయ ఏడేళ్ళ తర్వాత ప్రేమనగర్‌లో "మరుజన్మ ఉన్నదో లేదో" అని రాశాడు. ఏది ఆయన నమ్మకం అని అడక్కండి. పడవవాడికి ఉన్న నమ్మకం ఆ తాగుబోతు జమీందారుకి లేదు, అంతే.

లంకపొగాకు:

మాస్టారూ, కన్నీళ్ళు వేడిగా ఉంటాయి కదా? "వేడి కన్నీరు" అనే అంటాం. మరి చన్నీళ్ళు ఎలా అయ్యాయి? ప్రాస కోసమేనా?

పలకాబలపం:

ప్రాస ఉంది, కాదనను. సన్నీళ్ళు, కన్నీళ్ళు, సాన్నాళ్ళు, మంచోళ్ళు అని మూడు లైన్లు ళ్ళు మీదే నడిపాడు. (నాలుగో లైను చివర ఆ ప్రాస వదిలేశాడు, గమనించావా? "గురుతులు" ఆ వరసలోది కాదు. పాట అక్కడ కాస్త తట్టుకుని నిలబడుతుంది.) కాని ప్రాస ఒక్కటే కాదు. "వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు" అంటాం కదా, కాగిన నీళ్ళలో చన్నీళ్ళు కలిపితే మంట తగ్గుతుంది. గుండెలో మంటకి చెంప మీద వేడి ఒక లెక్కా? ఆ మంట పక్కన కన్నీళ్ళు చల్లనివే.

అయితే ఆ చన్నీళ్ళు కూడా నిలవ ఉండవంటున్నాడు. ఏడుపు ఆగిపోతుందని సంతోషమా, ఏడవడానికి కూడా ఏమీ మిగలదని బాధా? నలభై ఏళ్ళుగా వింటున్నాను, ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది. నాకైతే బాధే అనిపిస్తుంది. "ఉండమన్నా" అన్నాడు కదా. పొమ్మన్నా పోని కన్నీళ్ళ గురించి అందరూ రాశారు. ఉండమని బతిమాలుకునే కన్నీళ్ళు ఎప్పుడుంటాయంటే, అవి కూడా వెళ్ళిపోతే ఆ మనిషి పూర్తిగా వెళ్ళిపోతాడన్న భయం ఉన్నప్పుడు.

అలా కన్నీళ్ళు ఉండవు అన్నవాడు, అదే "ఉండు" ధాతువుని పట్టుకుని రెండు లైన్ల తర్వాత "ఉన్నోళ్ళు" అన్నాడు. అవి ఉండవు, మీరున్నారు. అక్కడ "కి" పెడితే నేను మార్కులు కోస్తాను.

పెరటిజామ:

మాస్టారూ, అందరికీ కృతజ్ఞతలు. పైనున్నదంతా అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపించాను. "కి" తీసేశాడు. కాసేపాగి, "అంటే మనమేనా?" అన్నాడు. ఆపైన ఏమీ మాట్లాడలేదు. అన్నయ్యది అచ్చం పెద్దమ్మ ముక్కు, పెద్దమ్మ నవ్వు. ఊళ్ళో ఎవరు చూసినా ముందు ఆ మాటే అంటారు, ఈ ఏడాదిగా ఇంకా ఎక్కువ.

మాస్టారు చన్నీళ్ళ గురించి రాసింది మాత్రం చదవలేకపోయాను, మేనమామకి ఇచ్చి చదివించాను.

కార్డు ప్రూఫు నిన్న వచ్చింది. డీటీపీ అబ్బాయి మంచి మనసుతో "స్పెల్లింగ్ తప్పులు" సరిచేశాడు. "పోయినవారందరూ మంచివారు, ఉన్నవారు పోయినవారి తీపి గుర్తులు" అని. చదివితే కలెక్టరాఫీసు నోటీసులా ఉంది. తప్పులన్నీ మళ్ళీ పెట్టించాను.

ఇంకో సంగతి. అన్నయ్య కూతురికి పెద్దమ్మ పేరే పెట్టారు. అత్తగారి పేరు పెట్టి పిల్లని ఎలా పిలుస్తానని వదిన ఈ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. దాన్ని తిట్టాల్సొస్తే మరీ ఇబ్బంది. ఇంట్లో అది "బుజ్జమ్మ", బడిలో మాత్రమే అసలు పేరు. కార్డు పైన ఫొటో కింద పెద్దమ్మ పేరు ఉంది. అడుగున "ఇట్లు" దగ్గర కొడుకులు, కోడళ్ళు అయ్యాక మనవరాళ్ళ వరసలో దాని పేరు వేశాం.

పొద్దున ఆ డీటీపీ అబ్బాయే మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడమ్, కార్డులో ఒకే పేరు రెండుసార్లు పడింది. కిందది తీసేయమంటారా?"