మందు ముట్టని వాళ్ళం, బరోసా వ్యాలీ పాత వైనరీలకు వెళ్ళొచ్చా?

కలిగిరి ఆడపడుచు:
అందరికీ నమస్తే. మాది కలిగిరి దగ్గర పల్లె, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాం. మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, మార్చిలో నేనూ మా ఆయనా మా అమ్మా వెళ్తున్నాం. అక్కడికి గంట దూరంలో బరోసా వ్యాలీ ఉందంట, జర్మనీ నుంచి వలస వచ్చినోళ్ళు కట్టుకున్న ఊళ్ళంట, 170 ఏళ్ళు దాటిన వైనరీలు ఉన్నాయి, ఒక రోజంతా తిప్పుతానంటున్నాడు.

నా బాధంతా మా అమ్మ గురించే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు మా ఊళ్ళో కూడా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న మా అమ్మ, కొంగు నడుముకు దోపి సారా పాకెట్ల బస్తాని రోడ్డు మీదకు లాక్కొచ్చి తగలబెట్టిన వాళ్ళలో ఒకతె. కుడిచేతి మణికట్టు దగ్గర ఆనాడు కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. అట్టాంటి మనిషిని తీసుకెళ్ళి వైన్ తయారుచేసే చోట నిలబెట్టాలంటే మనసొప్పడం లేదు, అట్టని ఆమెను ఇంట్లో వదిలి మేము వెళ్ళలేం. తాగనివాళ్ళకు అక్కడ చూడ్డానికి ఏమన్నా ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

కందుకూరు కుర్రోడు:
అక్కా, నేను అడిలైడ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నా, ఊరి నుంచి ఎవరొచ్చినా బరోసా తీసుకెళ్తా. ముందే ఒకమాట, అక్కడిది మందు కాదు ద్రాక్షరసం అని మాత్రం అమ్మకు చెప్పొద్దు, అది మందే, ఆమెకు అబద్ధం చెప్పి తీసుకెళ్తే తర్వాత మీరే బాధపడతారు. కానీ చూడాల్సింది చాలా ఉంది.

మా నాన్న పొగాకు రైతు, మాకు ఆకు ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉండేవి, అందుకని నాకు అక్కడి సెపెల్ట్స్‌ఫీల్డ్ వైనరీ అంటే ప్రత్యేకం. జోసెఫ్ సెపెల్ట్ అనే ఆయన సైలీషియా అనే జర్మన్ ప్రాంతంలో పొగాకు, నశ్యం వ్యాపారం చేసినవాడు, 1851లో బరోసాలో భూమి కొన్నది కూడా పొగాకు వేద్దామనే. ఆ నేలకు పొగాకు సరిపడలేదు, ద్రాక్షకు మళ్ళాడు. ఈ సంగతి చెప్పగానే మా నాన్న వంగి గట్టు మీది మట్టి ఇంత తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు, ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తున్నది అదే.

జోసెఫ్ కొడుకు బెన్నో 1878లో 500 లీటర్ల పీపా ఒకటి వైన్‌తో నింపి, వందేళ్ళు దీన్ని ఎవరూ ముట్టకూడదు అన్నాడు. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఏటా ఒక పీపా పెడుతూనే వచ్చారు. మొదటిది 1978లో బయటికి వచ్చింది. వరసగా పీపాలు, ఒక్కోదాని మీద సంవత్సరం, మీరు పుట్టిన ఏడాదీ, అమ్మ పుట్టిన ఏడాదీ అక్కడ కనిపిస్తాయి. వందేళ్ళలో చాలాభాగం ఆవిరైపోయి మిగిలింది నల్లగా బెల్లం పాకంలా ఉంటుంది. మీరు రుచి చూడక్కర్లేదు, చూపించమంటే చాలు. వెళ్ళే దారి పొడుగునా రెండు వేలకు పైగా ఖర్జూరపు చెట్లు ఉంటాయి, 1930ల్లో ప్రపంచమంతా పనుల్లేక అల్లాడినప్పుడు ఆ కుటుంబం తమ కూలీలను తీసెయ్యకుండా నాటించిన చెట్లవి. అమ్మకు ఇది చెప్పండి.

గూడూరు మాస్టారు:
అమ్మా, నేనైతే బరోసాలోని టనుండా ఊళ్ళో లాంగ్‌మైల్ చర్చితో మొదలుపెట్టమంటాను. ఆ జర్మన్లు సంపాదన కోసం వచ్చినవాళ్ళు కారు. అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు చర్చిలన్నీ ఒకే పద్ధతిలో ప్రార్థన చెయ్యాలని శాసిస్తే, మా పద్ధతి మేం వదలం అని ఊళ్ళకు ఊళ్ళు కదిలిన లూథరన్ క్రైస్తవులు. పాస్టర్ కావెల్ 1838లో మొదటి జట్టును తెచ్చాడు, ఆయన సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది. బరోసాలో వాళ్ళ మొదటి ఊరు బెథనీ, 1842.

మా తాత గూడూరులో మిషన్ బడిలో చదివాడు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్ళు 1860ల్లో మన ఉమ్మడి నెల్లూరు జిల్లాలో సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు వచ్చారు. అదే మిషన్ తరఫున 1875లో ఇద్దరు పాస్టర్లు ఇదే బెథనీ నుంచి గుర్రాలు, గొర్రెల మంద తోలుకుని 20 నెలలు ప్రయాణం చేసి ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారి చేరి, అక్కడి ఊరికీ హెర్మన్స్‌బర్గ్ అనే పేరు పెట్టారు. బెథనీ వాగు గట్టున నిలబడ్డప్పుడు నాకు మా గూడూరు చర్చి గంటే గుర్తొచ్చింది.

పొదలకూరు నిమ్మతోట:
రైతు కుటుంబమైతే లాంగ్‌మైల్ వైనరీలో 1843 నాటి తోట తప్పకుండా చూడండి. ఆరిచ్ట్ అనే కమ్మరి నాటాడు, షిరాజ్ ద్రాక్ష, ఇంకా కాపు కాస్తోంది. మన పందిరి ద్రాక్షలా ఉండదు, నడుమెత్తు మొద్దులు మెలితిరిగి, బెరడు పేలికలుగా ఊడుతూ ఉంటుంది. ఫ్రాన్స్ తోటల వేళ్ళు తినేసిన ఫిలాక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలోకి ఇంతవరకు రాలేదు, అందుకే ఆ చెట్లు అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీదే బతికున్నాయి. పురుగు చెప్పుల మట్టితో కూడా వస్తుంది కాబట్టి చెట్ల వరసల్లోకి అడుగుపెట్టొద్దు. మనవాళ్ళు తోట కనబడగానే దిగిపోతారు, అమ్మకు ముందే చెప్పండి. మార్చి కాబట్టి కోతలు జరుగుతుంటాయి, అదృష్టం. వైన్ రుచి చూసే టేస్టింగ్‌కు చాలాచోట్ల డబ్బులు తీసుకుంటారు, ముందే బుక్ చేసుకుంటే మంచిది. డ్రైవ్ చేసేది అబ్బాయే కాబట్టి వాడిని కూడా ఆ రోజు ముట్టొద్దనండి, పోలీసులు దారిలో ఆపి ఊదిస్తారు.

కలిగిరి ఆడపడుచు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నాలయ్యాక మొత్తం అమ్మకు చదివి వినిపించా, మందని కూడా దాచకుండా చెప్పా. ఖర్జూరపు చెట్ల దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. చివరికి, "ఆ పీపాల గదిలోకి నేను రాను, మీరు చూసి రండి, నేను ఆ చెట్ల కింద కూర్చుంటా. చర్చికీ, ఆ పాత తోటకీ మాత్రం వస్తా" అంది. కందుకూరు తమ్ముడూ, ఆ చెట్ల దగ్గర పెద్దావిడ కూర్చోడానికి నీడ ఉంటుందా?

కందుకూరు కుర్రోడు:
దారి పక్క ఖర్జూరాల కింద నీడ తక్కువ అక్కా, వైనరీ ముందు పచ్చిక ఉంది, అక్కడ పెద్ద చెట్ల కింద కూర్చోవచ్చు. మార్చిలో కూడా ఎండ గట్టిగా ఉండొచ్చు, టోపీ, నీళ్ళు, పెరుగన్నం డబ్బా తెచ్చుకోండి. మీరొచ్చే తేదీ చెప్పండి, నేను కూడా వస్తా, మీరు లోపల చూసొచ్చేదాకా అమ్మతో కూర్చుంటా. ఆమె నోటితో ఆ సారా కొట్టు సంగతి వినాలని ఉంది.