అప్‌డేట్: నాన్న జైల్లో, పిల్లలు నానమ్మ దగ్గర

తండ్రి చర్లపల్లి జైల్లో, పిల్లలిద్దరు హనుమకొండలో నానమ్మ దగ్గర. వీళ్లకు సాయం ఎట్లా దొరుకుతదని ఇంతకుముందు ఇక్కడ అడిగిన. మీరు చెప్పినట్టే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసి, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య (పిల్లల రక్షణకు సర్కారు పథకం) స్పాన్సర్‌షిప్‌కు, అంటే నెలనెలా ఇచ్చే పైసల సాయానికి, దరఖాస్తు పెట్టినం. మంజూరైతే ఒక్కొక్కరికి నెలకు 4,000. ఏడాది ఆదాయం పట్నంలో 96,000, పల్లెలో 72,000 దాటొద్దు. చిక్కల్లా పేర్లతోనే: పెద్దపిల్ల ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడి ఇచ్చిన బోనఫైడ్‌లో ఒక్క అక్షరమే. మీకూ ఇట్లనే ఉంటే ముందుగాల అది సరిచేయించున్రి. తండ్రి కేసుకు వకీలు లేకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా పెడ్తది.

ఇంకోటి, దయచేసి పిల్లలకు ‘నాన్న దుబాయి పోయిండు’ అని చెప్పకున్రి. బడిలో ఎవరో అసలు సంగతి అంటరు, అప్పుడు ఇంట్లోవాళ్ల మాట కూడా నమ్మరు. ‘జైల్ల ఉన్నడు, నీ తప్పేం లేదు’ అంటే ఆరేండ్ల పిల్లకైనా అర్థమైతది.